ఉత్తరకథ: భయం నుండి ఉత్సాహానికి

ఒకరు మొదలుపెట్టిన కథను మరొకరు అందుకొని నడిపించడం తెలుగువారికి ఆదికావ్యంతోనే అలవాటైన పని. పదకొండవ శతాబ్దంలో నన్నయ ఆరంభించిన మహాభారతాన్ని పదమూడవ శతాబ్దంలో తిక్కన విరాటపర్వం నుండి అందుకొన్నాడు. నన్నయది ప్రసన్నమైన కథాకథనం. తిక్కన చేతిలో అదే కథ నాటకమయింది. ఇద్దరి నడుమ మిగిలిపోయిన అరణ్యపర్వశేషాన్ని పదునాలుగవ శతాబ్దంలో ఎఱ్ఱన పూరించాడు. పూరించి, దానిని నన్నయ రాసినట్టే రాజరాజనరేంద్రునికి అంకితంగా నిలిపాడు. ఆ భాగం నన్నయ పోకడలో మొదలై తిక్కన పోకడలో ముగుస్తుందని మన విమర్శకులు చెప్పే మాట అందరికీ తెలిసినదే.

ఈ ముగ్గురి ఉదాహరణ నుండి ఉత్తరకథకు రెండు ధర్మాలు ఏర్పడుతున్నాయి. పూర్వకవి నిజమని చెప్పినదానిని ఉత్తరకవి అబద్ధం చేయకూడదు. అట్లని పూర్వకవి చేసిన పనినే తిరిగి చేయనూ కూడదు. మొదటి ధర్మం తప్పితే అది ఉత్తరకథ కాదు, వేరే కథ. రెండవది తప్పితే అది అనుకరణ మాత్రమే అవుతుంది. ఈ రెంటినీ ఏకకాలంలో పాటించడం ఏ రసంలోనైనా కష్టమే. భయానకంలో మరీ కష్టం. ఎందుకంటే భయం అజ్ఞానాన్ని ఆశ్రయించి బ్రతుకుతుంది. చీకటిలో ఉన్నదేమిటో తెలియనంతసేపే గుండె దడదడలాడుతుంది. దీపం ఒకసారి వెలిగిన తరువాత అదే చీకటిలోకి అదే మనిషిని పంపి, మళ్ళీ భయపడమంటే అతడు భయపడడు. మన నవలాసాహిత్యంలోనూ ఈ చిక్కును ఎదుర్కొన్నవారు లేకపోలేదు. యండమూరి వీరేంద్రనాథ్ తన తులసిదళం నవలకు తులసి అనే ఉత్తరభాగం రాశారు. 1986లో వచ్చిన కాష్మోరా చిత్రానికి ఆధారం ఆ రెండవ నవలే.

సరిగా అదే సంవత్సరంలో అమెరికాలో విడుదలైన ఒక చలనచిత్రం ఈ సమస్యకు వేరొక సమాధానం చెప్పింది. ఆ చిత్రం పేరు ఏలియన్స్. దర్శకుడు జేమ్స్ కామెరాన్. దానికి మాతృక 1979లో రిడ్లీ స్కాట్ తీసిన ఏలియన్. మొదటిది నిస్సందేహంగా భయానక చిత్రం. రెండవది వైజ్ఞానిక కల్పనను పునాదిగా చేసుకొన్న యుద్ధచిత్రం. ఒకే కథానాయిక, ఒకే భూతం, ఒకే లోకం. కాని రసం మారింది. ఈ మార్పు ఎట్లా జరిగింది, దానివల్ల పోయినదేమిటి, మిగిలినదేమిటి అన్నదే ఈ వ్యాసవిషయం.

ఖరగ్‌పూర్‌లోని మలంచాలో కూర్చొని, హిందీ తెలుగుల నడుమ అనువాదాలు చేసుకొనే మనిషికి ఈ చిత్రాలతో ఏం పని అని పాఠకులు అడగవచ్చును. మొదటి చిత్రాన్ని చూసిన ఏ రైల్వే కుటుంబీకునికైనా ఆ ప్రశ్న తోచదు. అందులో రాజకుమారులు లేరు, మహావీరులు లేరు. నోస్త్రోమో అనే సరకు ఓడ రెండు కోట్ల టన్నుల ఖనిజాన్ని లాగుకొంటూ భూమికి తిరిగి వస్తున్నది. అందులో ఉన్నవారు ఏడుగురు సిబ్బంది. నిద్ర లేవగానే ఇంజను విభాగంలోని పార్కర్, బ్రెట్ అనే ఇద్దరు ఎత్తిన మొదటి ప్రస్తావన బోనస్ గురించి: పై ఉద్యోగులకు వచ్చే వాటా తమకెందుకు రాదని. గూడ్సు బండి మీద డ్యూటీ చేసి వచ్చినవారి ఇళ్ళలో ఇటువంటి మాటలు వింటూ పెరిగినవారికి ఆ ఓడ అంతరిక్షంలో ఉన్నట్టు అనిపించదు. పక్క లైనులో నిలిచి ఉన్నట్టే ఉంటుంది.

ఆ ఏడుగురూ నిద్ర లేచినది ఇల్లు చేరినందువల్ల కాదు. దారిలో ఒక నిర్జనగ్రహం నుండి ఏదో సంకేతం వచ్చింది; దానిని పరిశీలించి తీరాలని వారి ఒప్పందంలో నిబంధన ఉన్నది. పరిశీలించకపోతే వాటా మొత్తం పోతుంది. కనుక దిగారు. దిగినవారిలో కేన్ అనే ఉద్యోగి ముఖానికి ఒక వింత జీవి అతుక్కొన్నది. అతనిని లోపలికి తీసుకురావద్దని, క్వారంటైన్ నియమం ఉన్నదని రిప్లీ అనే అధికారిణి తలుపు తీయడానికి నిరాకరించింది. శాస్త్రవిభాగపు అధికారి యాష్ ఆమె మాటను తోసిపుచ్చి తలుపు తీశాడు. కొన్ని గంటల తరువాత భోజనపు బల్ల ముందు కేన్ రొమ్ము చీల్చుకొని ఒక పిల్లజీవి బయటపడింది. అది పెరిగి, ఒక్కొక్కరినే కబళించింది. చివరకు మిగిలినవారు రిప్లీ, ఒక పిల్లి.

భరతుడు నాట్యశాస్త్రంలో బీభత్సం నుండి భయానకం పుడుతుందని, వీరం నుండి అద్భుతం పుడుతుందని చెప్పాడు. మొదటి చిత్రం ఆ సూత్రంలోని మొదటి సగానికి ఉదాహరణగా చెప్పదగినది. భోజనపు బల్ల దగ్గర జరిగిన ఆ బీభత్సమే మిగిలిన కథ అంతటా భయంగా వ్యాపిస్తుంది. ఆ భూతానికి రూపకల్పన చేసినవాడు గీగర్ అనే స్విట్జర్లాండు చిత్రకారుడు. దానికి కళ్ళు కనబడవు. ఎముకా యంత్రమూ కలిసిపోయినట్లుండే శరీరం. ఆ వేషం ధరించినది ఆరున్నర అడుగులు మించిన పొడగరి, బొలాజీ బడేజో అనే నైజీరియా విద్యార్థి. అయినా స్కాట్ ఆ వేషాన్ని మనకు నిండుగా చూపడు. ఒక చేయి, ఒక తోక, గొలుసుల నడుమ ఒక నీడ, అంతే. చూపనిదానిని ప్రేక్షకుడు తన ఊహతో నింపుకొంటాడు. 1980లో ఈ చిత్రానికి దృశ్యచమత్కారాలకు గాను ఆస్కార్ బహుమతి లభించింది.

అయితే మొదటి చిత్రంలోని అసలు రహస్యం భూతం కాదు. యాష్ మనిషి కాదనీ, సంస్థ పెట్టిన మరమనిషి అనీ మధ్యలో బయటపడుతుంది. ఆ జీవిని ఎట్లాగైనా భూమికి చేర్చమని, అవసరమైతే సిబ్బంది ప్రాణాలు పోయినా లెక్కచేయవద్దని అతనికి ఆజ్ఞ ఉన్నది. ఆ సంస్థను పాత్రలు పేరు పెట్టి పిలువరు. కంపెనీ అని మాత్రమే అంటారు. ఓడకు పెట్టిన నోస్త్రోమో అనే పేరు 1904లో జోసెఫ్ కాన్రాడ్ ప్రచురించిన నవల నుండి తీసుకొన్నది. ఆ నవల ఒక వెండిగని చుట్టూ తిరుగుతుంది. గని మీది ఆశ మనుషులను ఎట్లా లోలోపల తినివేస్తుందో చెబుతుంది. ఉత్తరచిత్రంలో సైనికులు ఎక్కిన ఓడ పేరు సులాకో. అది ఆ నవలలోని పట్టణం పేరు. రెండు ఓడలకూ ఒకే పుస్తకం నుండి పేర్లు రావడం కామెరాన్ పూర్వకథను ఎంత శ్రద్ధగా చదివాడో తెలుపుతున్నది.

ఏలియన్ విడుదలకూ దాని ఉత్తరకథకూ మధ్య ఏడేళ్ళు గడిచాయి. 1954లో జన్మించిన కామెరాన్ ఒకప్పుడు లారీ నడిపి జీవించినవాడు. 1984లో టెర్మినేటర్ తీసి పేరు తెచ్చుకొన్నాడు. నిర్మాత గేల్ ఆన్ హర్డ్. చిత్రీకరణ ఇంగ్లండులో, పైన్‌వుడ్ స్టూడియోలో జరిగింది. భూతాల గూడు కోసం లండనులో మూతపడిన ఆక్టన్ లేన్ విద్యుత్కేంద్రాన్ని వాడుకొన్నారు. పెట్టుబడి సుమారు 1 కోటి 80 లక్షల డాలర్లు. అటువంటి చిత్రానికి అది పెద్ద మొత్తమేమీ కాదు. ఉన్న కొద్దిపాటి వేషాలను వెలుగునీడలతోను, కూర్పుతోను వందలుగా భ్రమింపజేశారు. రాణిభూతాన్ని మాత్రం స్టాన్ విన్‌స్టన్ బృందం బృహదాకారంలో నిర్మించింది. దానిని లోపల ఉన్న మనుషులు, బయట ఉన్న తీగలు, గొట్టాలు కలిసి ఆడించాయి. 1986 జులై 18న చిత్రం విడుదలయింది. ఏడు ఆస్కార్ ప్రతిపాదనలు వచ్చి, దృశ్యచమత్కారాలకు, శబ్దకల్పనకు రెండు బహుమతులు దక్కాయి. రిప్లీ పాత్ర ధరించిన సిగర్నీ వీవర్ ఉత్తమనటి బహుమతికి ప్రతిపాదితురాలయింది. ఈ జాతి చిత్రాలలోని నటికి అటువంటి గౌరవం అప్పట్లో అరుదు.

ఇక కథ. రిప్లీ ఎక్కిన చిన్న నౌక దారి తప్పి, ఆమె దీర్ఘనిద్రలో ఉండగా 57 సంవత్సరాలు గడిచిపోయాయి. ఆమెను కనుగొన్న తరువాత జరిగిన మొదటి పని విచారణ. మనుషులు ఎట్లా చచ్చిపోయారన్నదాని కన్న, 4 కోట్ల 20 లక్షల డాలర్ల ఓడను ఆమె ఎందుకు పేల్చివేసిందన్నది విచారణ సంఘానికి ముఖ్యం. ఆమె చెప్పిన భూతాన్ని వారు నమ్మలేదు. ఓడ నడిపే అనుమతిపత్రం రద్దయింది. అధికారిణిగా ఉండినది సరకుల రేవులో బరువులెత్తే యంత్రం నడుపుతూ కాలక్షేపం చేయవలసి వచ్చింది. అంతకన్న ఘోరమైన వార్త ఒకటి ఆ గదిలోనే ఆమె చెవిని పడింది: తాను చెప్పిన ఆ గ్రహం మీద ఇరవై ఏళ్ళకు పైగా మనుషులు కాపురం ఉంటున్నారు, అరవై డెబ్బై కుటుంబాలు. కొద్దికాలానికి అక్కడి నుండి వార్తలు ఆగిపోయాయి. అప్పుడు మాత్రం కంపెనీ ప్రతినిధి బర్క్ ఆమె గుమ్మం తొక్కాడు. సైనికులతో వెళ్ళి సలహా చెప్పమన్నాడు.

ఇక్కడ హిందీ విమర్శకుడు ఆచార్య రామచంద్ర శుక్ల (1884–1941) మనకు తోడ్పడుతున్నాడు. చింతామణి మొదటి భాగంలో ఆయన మనోవికారాలను గురించి రాసిన వ్యాసాలున్నవి. వాటిలో భయాన్ని గురించి చెబుతూ ఆయన భయకారణాలను రెండు విధాలుగా విభజించాడు: అసాధ్యం, సాధ్యం. ఏ ప్రయత్నం చేతనూ తొలగనిది అసాధ్యం. ప్రయత్నం చేత తొలగించదగినది సాధ్యం. ఈ భేదం వస్తువులో మాత్రమే లేదు. మనిషి స్వభావాన్ని బట్టి, పరిస్థితిని బట్టి అదే వస్తువు ఒకరికి అసాధ్యంగాను, మరొకరికి సాధ్యంగాను తోస్తుందని కూడ ఆయన గమనించాడు. ఉత్సాహాన్ని గురించిన వ్యాసంలో, దుఃఖవర్గంలో భయానికి ఉన్న స్థానమే ఆనందవర్గంలో ఉత్సాహానికి ఉన్నదని సూచించాడు. ఉత్సాహం వీరరసానికి స్థాయీభావమని మనకు తెలుసు.

ఈ చూపుతో చూస్తే రెండు చిత్రాల సంబంధం స్పష్టపడుతుంది. ఏలియన్‌లో భూతం అసాధ్యం. దాని రక్తం ఆమ్లం. కోస్తే ఓడకే చిల్లు పడుతుంది. అది ఎట్లా పుట్టిందో, ఏమి కోరుతున్నదో ఎవరికీ తెలియదు. ఏలియన్స్‌లో ఆ భూతమే, ఏ గుణమూ తగ్గకుండా, సాధ్యమయింది. బలహీనపడినందువల్ల కాదు, దానిని ఒకసారి చూసి బ్రతికిన మనిషి ఉన్నందువల్ల. కామెరాన్ పూర్వకథలోని ఒక్క సత్యాన్ని కూడ చెరపలేదు. గుడ్డు, ముఖానికి అతుక్కొనే జీవి, రొమ్ము చీల్చుకొని వచ్చే పిల్ల, ఆమ్లరక్తం, కదలికను పసిగట్టే పరికరం, చివరి ద్వారం అన్నీ ఉన్నవి. పూర్వచిత్రం అడగకుండా వదిలిన ప్రశ్నను మాత్రం ఆయన అడిగాడు: ఆ గుడ్లు పెట్టినది ఎవరు? ఆ ప్రశ్న నుండి రాణిభూతం పుట్టింది. ఆ విధంగా ఉత్తరకవి పూర్వకవి ఖాళీలో పని చేశాడు, అరణ్యపర్వశేషంలో ఎఱ్ఱన చేసినట్లు.

అయితే జ్ఞానం ఉన్నంతమాత్రాన ఉత్సాహం పుట్టదు. సైనికుల సంగతి చూడండి. వారి ఆయుధాలు అద్భుతం, ధీమా అంతకన్న అద్భుతం. వారి నాయకుడు గోర్మన్‌కు శిక్షణలో 38 సార్లు దిగిన అనుభవం ఉన్నది; నిజమైన యుద్ధంలోకి దిగడం మాత్రం ఇది రెండవసారి. రిప్లీ చెప్పిన అనుభవాన్ని వారు నవ్వుతూ విన్నారు. గూడు ఉన్న చోటు విద్యుత్కేంద్రపు శీతలీకరణ యంత్రాల కింద. అక్కడ తుపాకులు పేల్చితే కేంద్రమే పేలుతుందని చివరి క్షణంలో తెలిసి వచ్చింది. గుండ్లు తిరిగి ఇచ్చివేయమన్నారు. కొద్ది నిమిషాలలో సగం మంది పోయారు. ఈ ఘట్టం రాసేటప్పుడు తన మనస్సులో వియత్నాం యుద్ధం ఉన్నదని కామెరాన్ స్వయంగా చెప్పాడు. నేల తెలియక, శత్రువు తెలియక, యంత్రబలాన్ని నమ్ముకొని దిగిన సేనకు జరిగినదే ఇక్కడా జరిగింది.

వీరరసానికి విభావాలను చెబుతూ భరతుడు బలపరాక్రమాల కన్న ముందు అసమ్మోహాన్ని, అధ్యవసాయాన్ని పేర్కొన్నాడు: మతి తప్పకుండా ఉండడం, పట్టుదలతో నిశ్చయించుకోవడం. సైనికులకు బలం ఉన్నది, అసమ్మోహం లేదు. రిప్లీకి బలం లేదు, అసమ్మోహం ఉన్నది. గూడులో సైనికులు చిక్కుకొన్నప్పుడు నాయకుడు నిశ్చేష్టుడై చూస్తుండగా, వాహనం పగ్గాలు లాక్కొని గోడలు బద్దలుకొట్టుకొంటూ లోపలికి నడిపినది ఆమె. రసం మారిన క్షణం అదే. భయం ఆమెను విడిచిపోలేదు. స్థాయీభావంగా ఉన్న భయం సంచారీభావమయింది, ఆ స్థానంలో ఉత్సాహం వచ్చి నిలిచింది. ఇందులో మరొక విశేషం కూడ ఉన్నది. భయం స్త్రీలకు, నీచప్రకృతులకు సహజమనీ, ఉత్సాహం ఉత్తమప్రకృతులదనీ భరతుని మతం. ఇక్కడ కండలు తిరిగిన సైనికుడు హడ్సన్ ఏడుస్తాడు. ఉద్యోగం పోగొట్టుకొన్న స్త్రీ నిలబడుతుంది. ఏలియన్ మొదటి ప్రతిలోనే పాత్రలను స్త్రీలుగానైనా పురుషులుగానైనా వేయవచ్చునని రచయితలు రాసిపెట్టారు. ఉత్తరచిత్రం ఆ వెసులుబాటును ఒక నిశ్చయంగా మార్చింది.

ఆ ఉత్సాహానికి ఆలంబనం ఏమిటి? ఆ పాడుబడిన వలసలో బ్రతికి ఉన్న ఒకే ఒక ప్రాణి న్యూట్ అనే చిన్నపిల్ల. గాలిగొట్టాలలో దాగి, తిండి ఏరుకొని, ఆయుధం లేకుండా కాలం గడిపింది. సైనికులు రక్షిస్తారని చెబితే ఆ పిల్ల నమ్మలేదు. వారి వల్ల కాదని చెప్పింది. అందరికన్న ముందు నిజం చెప్పినది ఆ పిల్లే. నమ్మని లోకం నుండి వచ్చిన స్త్రీ, నమ్మకం పోయిన పిల్ల ఒకరినొకరు నమ్మడమే ఈ చిత్రంలోని రహస్యమైన కథ. కామెరాన్ మొదట తీసిన నిడివిలో, రిప్లీకి భూమి మీద ఒక కూతురు ఉండేదనీ, తల్లి నిద్రలో ఉండగా ఆ కూతురు ముసలిదై చనిపోయిందనీ చెప్పే ఘట్టం ఉన్నది. 1986 ప్రతిలో దానిని తొలగించారు. తరువాత వచ్చిన విస్తృతప్రతిలో చేర్చారు. అది లేకపోయినా వాత్సల్యం తెలియకపోదు. సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు వత్సలాన్ని ప్రత్యేకరసంగా అంగీకరించాడు; సూరదాసు పదాలు చదువుకొన్న హిందీ పాఠకునికి ఆ అంగీకారం కొత్త కాదు. ఇక్కడ వత్సలం వీరాన్ని పోషిస్తున్నది. అవతల రాణిభూతం కూడ తల్లే. తన గుడ్లను కాల్చినవారి వెంట అది పడుతున్నది. చివరి పోరు ఇద్దరు తల్లుల పోరు.

ఆ పోరులో రిప్లీ చేతిలో తుపాకి లేదు. సరకుల రేవులో కూలికి నడిపిన బరువులెత్తే యంత్రాన్నే ఆమె తొడుక్కొని వచ్చింది. ఉద్యోగం ఊడగొట్టి, అవమానంగా ఇచ్చిన పని ఏదో, అదే ఆమెకు కవచమయింది. వర్క్‌షాపు గోడల పక్కన పెరిగినవారికి ఈ ఒక్క దృశ్యం చాలును.

ఇంతవరకు చెప్పినది ఉత్తరకథ సాధించినది. పోగొట్టుకొన్నది కూడ ఉన్నది. దానిని దాచడం విమర్శకు న్యాయం కాదు. మొదటి చిత్రంలో ఒక్క భూతం ఓడ మొత్తాన్ని నింపింది. రెండవదానిలో వందలుగా వచ్చి, వందలుగా కూలాయి. ఒక్కొక్కటి విలువ తగ్గింది. రాణి, గూడు, కాపలా అనే ఏర్పాటుతో అవి చీమల వంటివి, తేనెటీగల వంటివి అయ్యాయి. పోలిక దొరికినదానిని చూసి మనిషి పూర్వమంత భయపడడు. గీగర్ చిత్రాలలోని ఆ పేరు లేని కలవరం ఇక తిరిగి రాలేదు. పైగా ఆయుధాల మోతకు మురిసిపోయే ప్రేక్షకుడు, ఆ ఆయుధాలు ఓడిపోయాయన్న సంగతిని మరచిపోవచ్చును. తరువాతి కాలంలో ఈ చిత్రాన్ని అనుకరించినవారు చాలమంది తుపాకులను తీసుకొన్నారు, ఆ ఓటమిని వదిలిపెట్టారు. ఇక 1992లో వచ్చిన మూడవ చిత్రం, రిప్లీ ఇంత కష్టపడి కాపాడిన పిల్ల చనిపోయిందన్న వార్తతోనే మొదలయింది. ఉత్తరకవి పూర్వకవి సత్యాన్ని కాపాడినా, అతని ఫలాన్ని కాలదన్నవచ్చునని దానివల్ల తెలుస్తున్నది.

అయినా ఏలియన్స్ నిలిచి ఉండడానికి కారణం యుద్ధం కాదని నా అభిప్రాయం. చిత్రం మధ్యలో రిప్లీ వలసలోని పాత రికార్డులు తిరగవేసింది. భూతాలున్న చోటును చూసి రమ్మని వలసవారికి ఆజ్ఞ ఎవరు పంపారు? బర్క్ పంపాడు. ఏమున్నదో తనకు తెలిసి, వారికి చెప్పకుండా పంపాడు. అడిగితే, అది ఒక పొరపాటు అంచనా అని తేల్చివేశాడు. ముందే చెబితే ప్రభుత్వం అడ్డుపడుతుంది, హక్కులు ఎవరికీ దక్కవు అన్నది అతని లెక్క. ఒక సంతకానికి అరవై డెబ్బై కుటుంబాలు బలి అయ్యాయి. ఇక్కడే శుక్ల గారి విభజన మనలను ఒక అడుగు ముందుకు తీసుకుపోతున్నది. భూతం సాధ్యమే; తెలిసినవారి మాట వింటే దానిని తప్పించుకోవచ్చును. అసాధ్యమయినది ఏమంటే, తెలిసినదానిని చెప్పకుండా మనుషులను పంపే మనస్సు. సాధ్యమైన భయాన్ని అసాధ్యం చేసేది అదే. మొదటి చిత్రంలో యాష్ ఆజ్ఞగా మాత్రమే కనబడిన ఆ మనస్సుకు రెండవ చిత్రంలో ముఖం ఏర్పడింది. చిరునవ్వు ఉన్న, మర్యాదగా మాట్లాడే మనిషి ముఖం. మరమనిషి అయిన బిషప్ ఈసారి తన ప్రాణానికి తెగించి ఇతరులకు దారి చూపాడు. మనిషే యంత్రం కన్న కఠినుడయ్యాడు.

ఇది రైలు కంపెనీ కట్టిన ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఇక్కడ జంక్షను, వర్క్‌షాపు నెలకొల్పింది. ఆ పనులకోసం తీరాంధ్రం నుండి ఎన్నో కుటుంబాలు తరలివచ్చాయి. వారి మనుమలు, మునిమనుమలు మలంచాలోను చుట్టుపక్కల పేటలలోను ఇప్పటికీ ఇంట తెలుగు, వీధిలో బెంగాలీ హిందీలు మాట్లాడుతూ ఉన్నారు. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు సమ్మెతో దద్దరిల్లింది. 1928లో, పనిలో నుండి తొలగింపబడినవారి హక్కులకోసం, తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి నాయకత్వాన ఈ రైల్వే కార్మికులు అహింసామార్గంలో సమ్మె చేసి కంపెనీ చేత తమ కోరికలను అంగీకరింపజేశారు. బరంపురంలో పుట్టిన ఆ తెలుగు నాయకుడు చేసినది ఒక విధంగా శుక్ల గారు చెప్పిన పనే: ఒక్కొక్కరికి అసాధ్యమని తోచినదానిని పదిమందికి సాధ్యమని చూపడం. పార్కర్, బ్రెట్ ఓడలో అడిగిన ప్రశ్న ఈ ఊరు అంతకు అర్ధశతాబ్దం ముందే అడిగింది.

ఊరి అంచున హిజిలీ ఉన్నది. అక్కడి నిర్బంధశిబిరంలో 1931 సెప్టెంబరు 16న నిరాయుధులైన రాజకీయఖైదీల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సంతోష్‌కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త అమరులయ్యారు. రవీంద్రనాథ్ ఠాకూర్ ఆ దౌష్ట్యాన్ని బహిరంగంగా ఖండించాడు. ఇరవై ఏళ్ళ తరువాత, 1951లో, ఆ భవనంలోనే దేశంలోని మొదటి భారత సాంకేతిక విద్యాసంస్థ వెలసింది. 1956లో జరిగిన మొదటి స్నాతకోత్సవంలో మాట్లాడుతూ జవహర్‌లాల్ నెహ్రూ ఆ నిర్బంధశిబిరాన్ని మరువలేదు; ఆ స్థలంలో లేచిన విద్యాలయాన్ని మారుతున్న భారతానికి చిహ్నంగా చూపాడు. ఆ పాత భవనాన్ని కూలగొట్టలేదు. అందులో ఇప్పుడు నెహ్రూ పేరిట విజ్ఞాన సాంకేతిక ప్రదర్శనశాల ఉన్నది. కల్పనాకథను అమరుల చరిత్రతో సమం చేయడం నా ఉద్దేశం కాదు. కాని ఒక భయానకగాథ మీద విజ్ఞానం తన ఉత్తరభాగాన్ని కట్టవలసి వచ్చినప్పుడు మొదటి గోడలను ఉంచి కట్టడం ఎటువంటిదో ఈ ప్రాంతంవారు రోజూ చూస్తున్నారు.

ఏలియన్స్ చివర రిప్లీ పిల్లను నిద్రకు సిద్ధం చేస్తుంది. ఇక కలలు కనవచ్చునా అని పిల్ల అడుగుతుంది. కనవచ్చునని రిప్లీ చెబుతుంది. కథారంభంలో ఆమెకు నిద్ర అంటే పీడకల. రాత్రి రాత్రి చెమటలు పట్టి లేచేది. అవన్నీ ఆమె అబద్ధమని తోసివేయలేదు. భూతాలు లేవని ఆ పిల్లకు ఎవరూ చెప్పనవసరం లేదని ఆమెకు తెలుసు. పెద్దలు అట్లా ఎందుకు చెబుతారని ఆ పిల్ల ఒకసారి అడిగింది కూడ. ఉన్నవని ఒప్పుకొని, వాటిని ఎదిరించి వచ్చిన మనిషి పక్కన పడుకొని ఆ పిల్ల నిద్రపోయింది.